ఇటుక సందులోంచి

మా ఆయన చేసేది లెక్క, నేను చేసేది కొలత. ఆయన కాగితం మీద తేల్చినదాన్ని నేను యంత్రం దగ్గర పట్టుకోవాలి. పట్టుబడితే ఆయన గొప్ప, పట్టుబడకపోతే నా డిటెక్టర్ల లోపం. ఇన్నేళ్ల కాపురంలో మా మధ్య వచ్చిన తగవుల్లో ముప్పాతిక వంతు ఇవే. మిగతా పాతిక వంతు టీలో పంచదార గురించి.

పరమాణువు నడిమధ్యన ఉండే కేంద్రకాన్ని బడి పుస్తకాల్లో గుండ్రటి గోళీలా గీసి ఊరుకుంటారు. అన్నీ అలా ఉండవు. కొన్ని కోడిగుడ్డులా సాగి ఉంటాయి, కొన్ని అరచేత్తో నొక్కిన పిండిముద్దలా చపటగా ఉంటాయి. మేమిద్దరం పట్టుకుని వేలాడుతున్న కేంద్రకం మాత్రం చక్కటి గుండ్రటిదని అందరూ ఒప్పుకున్నారు, ఒక్క మా ఆయన తప్ప. దానికి కాస్త శక్తి తగిలితే చపటగా మారి కొద్దిసేపు అలాగే ఉండిపోతుందని, మళ్లీ గుండ్రంగా సర్దుకునేటప్పుడు ఒక గామా కిరణాన్ని వదులుతుందని ఆయన లెక్క. ఆ కిరణం శక్తి నూట నలభై కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలని కూడా రాసిపెట్టారు. ఆ కాగితం అచ్చయింది మొదలు ఇంతవరకూ ఆ కిరణాన్ని చూసినవాళ్లు లేరు. సభల్లో ఆయన లేచి నిలబడితే వెనక వరసల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. "ఆకారాల సారు" అని పేరు కూడా పెట్టారు.

మా ఇంట్లో ఆ కిరణాన్ని "గీత" అంటాం, తెర మీద అది ఒక గీతలాగే కనబడాలి గనక. గీత కనబడిందా, ఈసారైనా కనబడుతుందా అని మా అత్తగారు కూడా అడుగుతుంటారు. కొత్తలో ఆవిడ గీత అంటే ఎవరో అమ్మాయి అనుకుని కొన్నాళ్లు నావైపు జాలిగా చూశారట.

ఈసారి, కేంద్రకాలకు శక్తి తగిలించే ఆ యంత్రాన్ని మాకు ఒక వారం ఇచ్చారు. ఆ వారం కోసం నేను తిరగని గది లేదు, పట్టుకోని గడ్డం లేదు. అది అవగానే నా డిటెక్టర్లను విప్పి మరో బృందానికి పంపేస్తారు. ఆయన రిటైర్మెంటు కూడా దగ్గరపడింది. ఈ వారంలో గీత కనబడితే కనబడినట్టు, లేకపోతే ఆయన జీవితమంతా పట్టుకుని కూర్చున్న మాట తప్పని తేలిపోయినట్టే. ఆయన పైకేమీ అనలేదు. ఊరికే ప్రతి పూటా "నీ డిటెక్టర్లు బాగున్నాయా?" అని అడిగేవారు, చుట్టాల క్షేమం కనుక్కుంటున్నట్టు.

నా డిటెక్టర్ అంటే గుప్పెడంత జర్మేనియం స్ఫటికం. ద్రవ నైట్రోజన్ పోసి చల్లగా ఉంచాలి, లేకపోతే పిచ్చి కూతలు కూస్తుంది. గామా కిరణం తగిలితే ఎంత శక్తితో తగిలిందో చెబుతుంది. ఒకే శక్తితో తగిలినవన్నీ తెర మీద ఒకేచోట పోగుపడి నిటారుగా లేస్తాయి. చూడ్డం ఎవరైనా చూస్తారు. అది మా కేంద్రకం నుంచి వచ్చిందా, గోడ నుంచి వచ్చిందా, నేల నుంచి వచ్చిందా అని తేల్చడమే అసలు పని. సిమెంటులో థోరియం ఉంటుంది, ఇటుకల్లో పొటాషియం ఉంటుంది, మనుషుల ఒళ్లలోనూ ఇంత ఉంటుంది. అన్నీ ఏదో ఒక కిరణాన్ని వదులుతూనే ఉంటాయి. అవి చొరబడకుండా డిటెక్టర్ల చుట్టూ సీసపు ఇటుకలతో కోట కడతాను. ఒక్కొక్కటీ చంటిపిల్లంత బరువు. ఎవరినీ ముట్టుకోనివ్వను, నేనే పేరుస్తాను. ల్యాబులో నన్ను వెనకాల "ఇటుకలమ్మ" అంటారని తెలుసు. అననీ.

ఈసారి నైట్రోజన్ గొట్టం పక్కకు జరపాల్సి వచ్చి కోటలో ఒక ఇటుక తీశాను. ఆ సందుకు ఎదురుగా గోడ, ఒక కుర్చీ తప్ప ఏమీ లేవు. అందుకని దాన్ని అలాగే వదిలేశాను.

యంత్రం మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం మా ఆయన కళ్లజోడు మార్పించుకోవాలని బయటికి వెళ్లారు. పొద్దుపోయాక పాత కళ్లజోడుతోనే తిరిగొచ్చారు. కొత్తది ఇంకా తయారు కాలేదన్నారు. వచ్చింది మొదలు చెంబులకు చెంబులు నీళ్లు తాగడం మొదలుపెట్టారు.

"ఏమిట్రా ఆ దాహం? ఎడారిలో గానీ తిరిగొచ్చావా?" అన్నారు అత్తగారు.

"ఎండగా ఉందమ్మా" అన్నారాయన.

బయట మబ్బు పట్టి ఉంది. ఆ రాత్రి గురక పెడతానంటూ ముందుగదిలో పక్క వేసుకున్నారు. ఇన్నేళ్లూ గురక పెడుతూ నా పక్కనే పడుకున్న మనిషికి ఇవాళే నా నిద్ర గుర్తొచ్చిందా అనుకున్నాను. నా తలనిండా ఇటుకలూ వైర్లూ ఉన్నాయి. అంతకుమించి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున నేను ముందుగా ల్యాబుకు వెళ్లాను, ఆయన కాస్త ఆగి వచ్చారు. కిటికీలోంచి చూస్తే మెట్ల మలుపులో వంగి బూటు సర్దుకుంటున్నారు. ఈమధ్య మెట్ల మీద ఆయన బూటు తరచుగా వదులవుతోంది. పైకొచ్చి, చేతిలో కాగితాల కట్టతో ఎప్పటిలా గోడపక్క కుర్చీలో కూర్చున్నారు. మా లెక్కింపు గది యంత్రం ఉన్న హాలుకు ఇవతల ఉంటుంది. హాల్లోంచి బయటికి వచ్చేవాళ్లను రేడియేషన్ కోసం తనిఖీ చేసే యంత్రం ఉంది గానీ, వీధిలోంచి మా గదిలోకి వచ్చేవాళ్లను ఎవరూ తనిఖీ చేయరు. హాల్లో తయారైన సరుకు, అంటే శక్తి తగిలిన మా కేంద్రకాలు, చిన్న డబ్బీలో గాలిగొట్టం గుండా దూసుకొచ్చి నా కోటలో పడుతుంది. డిటెక్టర్లు కాసేపు చూస్తాయి, డబ్బీ వెళ్లిపోతుంది, ఇంకోటి వస్తుంది. మేం కూర్చుని తెరవైపు చూస్తూ ఉండాలి. చేపలు పట్టేవాళ్లకున్నంత ఓపిక కావాలి.

పదకొండు కాకుండానే అది లేచింది. నూట నలభై దగ్గర.

ముందు నమ్మలేదు. నమ్మకపోవడానికే నాకు జీతం ఇస్తున్నారు. న్యూట్రాన్లు తగిలితే జర్మేనియం తనంతట తానే అక్కడికి దగ్గర్లో ఒక గీత చూపిస్తుంది, కానీ అది నూట నలభైకి కాస్త ఇవతల. ఇది నూట నలభైన్నర. ఒక కిలో వోల్టు తేడా కూడా లేదు, కానీ ఆ తేడా చెప్పగలగడమే నా ఉద్యోగం. జర్మేనియం కాదని కొట్టేశాను.

సరిగ్గా నూట నలభైన్నర దగ్గర టెక్నీషియం అనే మూలకం కూడా కిరణం వదులుతుంది. మా పనిలో ఉన్నవాళ్లకు అది నోటికొచ్చు. అయితే టెక్నీషియం ఊరికే ఊడిపడదు, మాలిబ్డినం క్షీణించి దాన్ని పుట్టిస్తుంది. మొదటిదాన్ని తల్లి అనీ రెండోదాన్ని పిల్ల అనీ అంటాం. యంత్రాల దగ్గర పిల్ల కనబడితే తల్లి పక్కనే ఉంటుంది. తల్లికి వేరే గీత ఉంది, ఏడొందల చిల్లర దగ్గర. అక్కడ వెతికాను. ఖాళీ. తల్లి లేదు గనక ఇది ఆ పిల్ల కాదు. మా ల్యాబులో ఎవరిని అడిగినా ఇదే తీర్మానం చేస్తారు.

అప్పుడు లేచి నిలబడ్డాను.

"ఏమండీ, ఇటు రండి! మీ గీత!"

ఆయన కాగితాలు కుర్చీలో పడేసి వచ్చారు. తెరమీదికి వంగి చూశారు. ఈ మనిషి ఎగిరి గంతేస్తారనుకున్నాను. కనీసం నా భుజం మీద చెయ్యి వేస్తారనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎంత?" అన్నారు.

"నూట నలభైన్నర. మీరు చెప్పిందానికి అర కిలో వోల్టు దూరం."

"జర్మేనియం కాదుగా?"

"కాదు. టెక్నీషియం కూడా కాదు, తల్లి లేదు. అన్నీ చూశాకే పిలిచాను."

ఆయన టీ తాగొస్తానని బయటికి నడిచి, గుమ్మం అవతల నిలబడి అక్కణ్నుంచే తెరవైపు చూస్తూ ఉండిపోయారు. మనిషికి ఆనందం ఎక్కువై మాట పడిపోయిందనుకున్నాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డారు, కుర్చీలో కూర్చోలేదు.

"ఎవరికీ చెప్పకు. ఆ ఇటుక పెట్టేసి మళ్లీ చూడు" అన్నారు.

"ఏ ఇటుక?"

"ఆ సందులో ఇటుక."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో సీసపు ఇటుకను చేత్తో తాకి ఎరగని మనిషి, నా కోట గురించి నాకు చెబుతున్నారు, అదీ ఇవాళ. "మీ లెక్కల్లో నేను వేలు పెట్టానా ఎప్పుడైనా? నా ఇటుకల జోలికి మీరు రాకండి" అన్నాను. ఆయన నవ్వబోయి మానేశారు. భోజనానికి పిలిస్తే వచ్చారు, సరిగా తినలేదు. తర్వాత కాసేపు అలవాటుగా కుర్చీలో కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున లేచి ఇంటికి వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లారో లేదో మా బృందం పెద్దసారు వచ్చారు. తెర చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఆకారాల సారు గెలిచాడన్నమాట! వారం చివర సమావేశంలో చెప్పేద్దాం. వెనక వరసల్లో వాళ్లందరినీ ముందు కూర్చోబెడదాం" అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట నాకు గుర్తు లేక కాదు. అంత మంచి మాటకు అడ్డం చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మర్నాడు గీత పెరగలేదు.

అదే యంత్రం, అదే సరుకు, అవే డిటెక్టర్లు. నిన్న అంత చురుగ్గా లేచినది ఇవాళ అడుగు కదలదు. నైట్రోజన్ చూశాను, నిండుగా ఉంది. వైర్లు ఊడదీసి పెట్టాను. నాకు తెలిసిన మూలకాల గీతలన్నీ వాటి వాటి స్థానాల్లో బుద్ధిగా ఉన్నాయి. మా ఆయన వచ్చారు గానీ కుర్చీని అవతలి గోడ దాకా లాక్కుపోయి, కోట వెనక్కి వేసుకుని కూర్చున్నారు. ఇక్కడ గాలి బాగా వస్తుందన్నారు. కాసేపటికి కాగితాలు ఒళ్లో పెట్టుకుని కునుకు తీశారు.

ఇక చేసేదేమీ లేక నిన్నటి కొలతను ముక్కలుగా కోశాను. ఏ గంటలో ఎంత వచ్చిందో విడివిడిగా పేర్చి చూశాను. గీత మా సరుకుదే అయితే రోజంతా ఒకేలా రావాలి. అలా లేదు. పొద్దున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గింది. ఆ తగ్గుదలను లెక్కగడితే ఆరు గంటలకు సగమవుతోంది. టెక్నీషియం లక్షణం అదే. అంతేకాదు, మధ్యమధ్యలో బొత్తిగా ఏమీ లేదు. టీ వేళ ఖాళీ. భోజనం వేళ ఖాళీ. భోజనం తర్వాత కాసేపు కనబడి ఒక్కసారిగా తెగిపోయింది.

టీకి వెళ్లే టెక్నీషియం ఎక్కడుంటుంది? భోజనం చేసే టెక్నీషియం ఏమిటి?

కళ్లెత్తి కోటవైపు చూశాను. ఇటుక లేని సందు. సందుకు ఎదురుగా నిన్న కుర్చీ ఉన్న చోటు. నేలమీద కుర్చీ కాళ్లు ఈడ్చిన గుర్తులు, అవతలి గోడ దాకా.

తల్లి లేకుండా పిల్ల ఉండే చోటు ఒకటుంది. అది మా ల్యాబుల్లో లేదు. ఆస్పత్రిలో ఉంది. అక్కడ మాలిబ్డినం నుంచి టెక్నీషియాన్ని రోజూ పాలు పితికినట్టు విడిగా తీసుకుంటారు. సూదితో మనిషి ఒంట్లోకి ఎక్కించి లోపలి బొమ్మ తీస్తారు. ఎముకల బొమ్మ, గుండె బొమ్మ. తర్వాత నీళ్లు బాగా తాగమంటారు, ఇంట్లోవాళ్లకు కాస్త ఎడంగా పడుకోమంటారు.

నీళ్ల చెంబులూ, ముందుగదిలో పక్కా, మెట్ల మీద బూటూ ఒక్కసారిగా కళ్లముందు వరసగా నిలబడ్డాయి. ఇంత పొడుగు మనిషిని కళ్లెదురుగా పెట్టుకుని, జర్మేనియంలో ఒక కిలో వోల్టు కూడా లేని తేడా వెతికాను.

అలమారలోంచి చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్ తీశాను. చప్పుడు చేయకుండా ఆయన దగ్గరికి వెళ్లి, ఛాతీకి జానెడు దూరంలో పట్టుకున్నాను. ఆయన నిద్రలో మెల్లగా ఊపిరి తీస్తున్నారు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. చిన్న తెర మీద గీత లేచింది. నూట నలభైన్నర.

ఆయన కళ్లు తెరిచారు. ముందు నన్ను చూశారు, తర్వాత నా చేతిలోదాన్ని చూశారు.

"కదలకండి. లెక్కపెడుతున్నాను" అన్నాను.

"ఇటుక పెట్టమంటే పెట్టావు కాదు" అన్నారాయన.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"నొప్పి."

"నొప్పి కాదోయ్, పట్టేసినట్టుంటుంది. మెట్లెక్కితే. రెండు నెలలైంది." కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "డాక్టరు గుండె స్కాన్ తీయించుకోమన్నాడు. నీకు యంత్రం ఇచ్చిన వారం అది. దానికోసం నువ్వు పడ్డ పాట్లు నాకు తెలియవా? ఈ వారం అవగానే చెబుదామనుకున్నాను."

"అంటే నాకు గుండె కన్నా యంత్రం ఎక్కువనుకున్నారు."

"అలా కాదు."

"అలాగే!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "టెక్నీషియం ఎక్కించుకుని తిన్నగా వచ్చి నా డిటెక్టర్ ఎదురుగా కూర్చున్నారు. కేంద్రకాల మీద పుస్తకం రాసిన మనిషి!"

"ఎక్కించేటప్పుడు నూట నలభై అన్న సంగతి గుర్తొచ్చింది. నా గీతకూ దీనికీ భలే చుట్టరికం అనుకుని నవ్వుకున్నాను కూడా. అది నా ఒంట్లోంచి బయటికొచ్చి నీ సందులో దూరుతుందని మాత్రం తట్టలేదు. నాకు తెలిసింది నంబరొక్కటే కదా." తల గోక్కున్నారు. "నువ్వు పిలిచి చూపించగానే అర్థమైంది. గుమ్మంలో నిలబడి చూశాను, నేను లేకపోతే పెరగడం లేదు."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చు కదా! నేను ఏడ్చాను కూడా, మీ గీత దొరికిందని."

"అదే చూశాను. అప్పుడు చెప్పాలంటే ఇదీ చెప్పాలి. ఒకేసారి రెండూ నీ నెత్తిన వెయ్యబుద్ధి కాలేదు. ఇటుక పెడితే అదే పోతుందనుకున్నా."

కోపం, జాలి, భయం కలిసొస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. డిటెక్టర్ కట్టేసి, వెళ్లి ఆ ఇటుకను ఎత్తి సందులో పెట్టాను. అంత బరువైనదాన్ని ఎప్పుడూ చప్పుడు లేకుండా పెట్టేదాన్ని, ఆ రోజు ధన్ మని కొట్టాను. ఆయన ఉలిక్కిపడ్డారు. బాగా అయిందనుకున్నాను. తర్వాత అక్కడే ఆ కోటకు చేరబడి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. "బరువైంది ఎత్తకండి, కూర్చోండి" అన్నాను ఏడుస్తూనే. ఆయన ఏమీ ఎత్తలేదు, నా చెయ్యే పట్టుకున్నారు.

పెద్దసారుకు ఫోన్ చేశాను. గీత మాది కాదని, సమావేశంలో చెప్పొద్దని ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలాను.

"అదేమిటమ్మా, నిన్న సాయంత్రమే చెప్పాను ఆయనకి, ఇక గెలిచావయ్యా అని," అన్నారు పెద్దసారు. "ఆ గీత మాట ఎక్కడా ఎత్తొద్దు, అది నాది కాదు అన్నాడు. ఎందుకంటే చెప్పడు. దాని కోసమే బతికిన మనిషి, వస్తే వద్దంటాడేమిటి, మతి గానీ పోయిందా అనుకున్నాను."

ఫోన్ పెట్టేసి ఆయనవైపు చూశాను. ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. నాకు చెప్పకుండా దాచిన మనిషి, అబద్ధపు గీతను మాత్రం ఒక్క పూట కూడా నిలబడనివ్వలేదు. దీనికి తిట్టాలో మెచ్చుకోవాలో తేలక, టీ తెచ్చి ఇచ్చాను. పంచదార లేకుండా.

ఆస్పత్రికి ఇద్దరం కలిసి వెళ్లాం. డాక్టరు కుర్రాడిలా ఉన్నాడు, మాట మాత్రం నెమ్మది. గోడమీది తెర మీద గుండె బొమ్మ చూపించాడు. రంగురంగుల వంకీ ఒకటి, దానికి ఒకవైపు చీకటి. మందు చేరని చోటది, అంటే నెత్తురు చేరని చోటు.

"బ్యాక్‌గ్రౌండ్ తీసేశాకే ఇలా ఉందా?" అన్నాను.

"మీరు డాక్టరాండీ?"

"కాదు. ఆవిడ దగ్గర మీకన్నా మంచి డిటెక్టర్ ఉంది" అన్నారు మా ఆయన.

నా ఉద్యోగమంతా ఏమీ లేని చోటును ఏమీ లేదని చెప్పడమే. "ఇక్కడ గీత లేదు" అని ఎన్ని కాగితాల్లో రాశానో. ఆ బొమ్మలో ఏమీ లేని చోటు చూసి మాత్రం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. రక్తనాళాలు మూడుచోట్ల పూడుకుపోయాయని తేలింది. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలన్నారు. రోజు కూడా పెట్టేశారు.

ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ యంత్రం నడుస్తూనే ఉంది. ఆయనే నన్ను వెళ్లమని తరిమేవారు. "నేనెక్కడికి పోతాను, నీ డిటెక్టర్లే పోతాయి" అనేవారు. వెళ్లాను. కోటలో సందు లేదు, ఎదురుగా కుర్చీ లేదు. చివరి రోజు వరకూ వచ్చిందంతా కలిపి నూట నలభై దగ్గర చూశాను. ఇంత మంచి కొలత నా చేతిమీదుగా ఎప్పుడూ జరగలేదు. అక్కడ ఏమీ లేదు. అటు చదును, ఇటు చదును, మధ్యలో చదును. కేంద్రకం గుండ్రంగానే ఉంది, ఇంతకాలం అందరూ చెప్పినట్టే. మళ్లీ కలిపాను, మళ్లీ చూశాను. ఆయన తప్పన్నది నా చేత్తోనే తేలింది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరు నన్ను నడవాలోకి పిలిచాడు. అద్దం తలుపు అవతలి నుంచి మా ఆయన చూస్తున్నారు. "పెద్ద ఆపరేషనే. కానీ మనిషి గట్టివాడు, వేళకు వచ్చాడు. తట్టుకుంటాడమ్మా" అన్నాడు. ఆ మాటను ఒక్క అక్షరం పోకుండా విన్నాను. ఇంకోసారి చెప్పమని అడిగాను కూడా, సిగ్గు లేకుండా. ఇంకోసారి చెప్పాడు.

నడవాలో బెంచీ మీద కూర్చున్న అత్తగారు నా చెయ్యి పట్టుకుని లాగారు.

"అమ్మాయ్, వాడు గీత సంగతి అడుగుతాడు."

"అడుగుతారు అత్తయ్యా."

"కనబడిందా?"

"లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "ఉందని చెప్పు. లోపలికి వెళ్లే మనిషికి ఓ మంచి మాట చెబితే నీ సొమ్మేం పోతుంది? బయటికొచ్చాక అసలు సంగతి చెబుదువుగాని. నా కొడుకు నవ్వుతూ వెళ్లాలే."

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేనూ అదే అనుకుంటూ వచ్చాను బస్సులో. ఉందండీ అని ఒక్క మాట. నూట నలభై ఒకటి దగ్గర, చిన్నదే, కానీ ఉంది. ఎలా చెప్పాలో కూడా సాధన చేశాను.

లోపలికి వెళ్లాం. ఆయన్ను అప్పటికే చక్రాల మంచం మీదికి మార్చారు. ఆకుపచ్చ దుప్పటి, తలకు టోపీ. కళ్లజోడు తీసేయడంతో ముఖం చిన్నదైపోయింది. మంచం నెట్టే మనిషి ఒక్క నిమిషం అని పక్కకు జరిగాడు.

"అయిపోయిందా నీ కొలత?" అన్నారు ఆయన.

"అయిపోయింది."

"గీత ఉందా?"

అత్తగారు వెనకనుంచి నా మోచేయి గిల్లారు. ఆయన నా ముఖం వైపే చూస్తున్నారు, కళ్లజోడు లేకపోవడంతో కళ్లు చికిలించుకుని. నోరు తెరిచాను. బస్సులో సాధన చేసిన మాట నాలుక చివర్నే ఉంది. అది రాలేదు.

"లేదండీ" అన్నాను.

అత్తగారు అటు తిరిగి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఒకసారి కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచేసరికి ఆ ముఖం నిండా నవ్వు.

"అమ్మయ్య" అన్నారు.

"అమ్మయ్య ఏమిటి? లేదంటున్నాను. మీ లెక్క తప్పు."

"వినబడిందిలేవోయ్. డాక్టరు నిన్ను పక్కకు పిలిచి మాట్లాడాడు, చూశాను. ఏమన్నాడని అడిగితే బాగానే ఉందన్నాడంటావు. ఇక్కడ అందరూ అందరితోనూ అదే అంటారు. అందుకని గీత సంగతి అడిగాను." దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీశారు. "నేను తిరిగి రాననుకుంటే, నువ్వు ఉందని చెప్పేదానివి."

ఆ చెయ్యి అందుకున్నాను.

మంచం నెట్టే మనిషి వచ్చాడు. చక్రాలు కదిలాయి. తలుపుదాకా పక్కనే నడిచాను.

"రాగానే ఆ లెక్క సరిచేసుకోండి" అన్నాను.

"చేస్తాను," అన్నారాయన. "నువ్వు ఇటుకలు చూసుకో."